నవ్వకపోతే చచ్చిపోతాననిపించేది: మాథ్యూ పెర్రీ కథ



నేను అమీర్‌పేట హాస్టల్లో ఉన్న రోజుల్లో మా రూమ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. కొత్తగా ఎవరొచ్చినా ఒకటే సలహా. "స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకి డబ్బులు తగలెయ్యకండ్రా, ఫ్రెండ్స్ చూడండి చాలు." ఆయన హార్డ్ డిస్క్‌లో పది సీజన్లూ ఉండేవి. ఒక లాప్‌టాప్, దాని ముందు ఐదుగురం, కింద సబ్‌టైటిల్స్. నిజం చెప్పాలంటే మొదట్లో జోకులు సగమే అర్థమయ్యేవి. అవతల వాళ్లు నవ్వుతున్నారు కాబట్టి మేమూ నవ్వేవాళ్లం.

కానీ ఆ ఆరుగురిలో ఒకడు మాత్రం భాష సరిగ్గా రాకపోయినా అర్థమయ్యేవాడు. చాండ్లర్ బింగ్. ఎందుకంటే అలాంటోడు మన ప్రతి గ్యాంగ్‌లోనూ ఉంటాడు. ఎంత సీరియస్ విషయం నడుస్తున్నా మధ్యలో ఒక పంచ్ వేసి పక్కకి జరిగిపోతాడు. అందరూ వాడి పక్కనే కూర్చోవాలనుకుంటారు. వాడు ఇంటికెళ్లాక ఎలా ఉంటాడో ఎవరికీ తెలీదు.

ఆ చాండ్లర్‌గా చేసిన మాథ్యూ పెర్రీ గురించే ఈరోజు మాట్లాడుకుందాం. సిట్‌కామ్ అనగానే మనకి 'అమృతం' గుర్తొస్తుంది. ప్రపంచంలో చాలామందికి ముందు గుర్తొచ్చేది 'ఫ్రెండ్స్'. అందులో అందరికంటే ఎక్కువ నవ్వించినవాడి కథ ఇది. అయితే ఇది నవ్వుల కథ కాదు. ముందే చెప్తున్నా, మధ్యలో కొంచెం బరువుగా ఉంటుంది. చివరిదాకా ఉండండి.

ముందు చిన్నతనం. పెర్రీ 1969 ఆగస్టు 19న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, విలియమ్స్‌టౌన్ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న జాన్ బెన్నెట్ పెర్రీ నటుడు. ఓల్డ్ స్పైస్ యాడ్‌లో కనిపించే అందగాడు. అమ్మ సుజాన్ కెనడా ఆవిడ. తర్వాత కెనడా ప్రధాని పియర్ ట్రూడోకి ప్రెస్ సెక్రటరీగా పనిచేసింది. అంటే ఇంట్లో ఒకరు కెమెరా ముందు, ఇంకొకరు ప్రధాని పక్కన. వినడానికి చాలా బావుంది కదా? కానీ పిల్లాడికి ఏడాది నిండకముందే అమ్మానాన్న విడిపోయారు. నాన్న లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు, అమ్మ కొడుకుని తీసుకుని కెనడా వెళ్లింది.

ఐదేళ్ల వయసులో పెర్రీని ఒక్కణ్నే విమానం ఎక్కించారు, నాన్న దగ్గరికి. పక్కన పెద్దవాళ్లెవరూ లేరు. తోడు లేకుండా ప్రయాణం చేసే పిల్లలకి ఎయిర్‌లైన్స్ వాళ్లు మెళ్లో ఒక కార్డు తగిలిస్తారు చూడండి, అలా. ఆ విమానంలో పడ్డ భయాన్ని యాభై ఏళ్లు దాటాక కూడా మర్చిపోలేదు. 2022లో తన జీవితం గురించి పుస్తకం రాసినప్పుడు అది మళ్లీ మళ్లీ ప్రస్తావించాడు. తనని ఎవరో ఒకరు వదిలేసి వెళ్లిపోతారు అనే భయం అతన్ని ఎప్పుడూ వదల్లేదు.

ఇక అమ్మ. ప్రధాని ఆఫీసులో పనంటే మీకు తెలుసు కదా, అలసిపోయి ఇంటికొచ్చేది. అమ్మ మొహంలో నవ్వు రావాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. కింద పడిపోయినట్టు నటించాలి, జోక్ వెయ్యాలి. అమ్మ నవ్విందంటే ఆ కాసేపు ఇల్లు బావుంటుంది. మనం చాండ్లర్‌లో చూసిన కామెడీ మొదలైంది అక్కడ. నవ్వించడం అతనికి సరదా కాదు, ఇంట్లో వాతావరణాన్ని సరిచేసే పని. ఒక పిల్లాడు తనకి తనే వేసుకున్న డ్యూటీ.

ఒట్టావాలో స్కూల్లో చదువుకునేటప్పుడు ఇంకొక ముచ్చట. ప్రధానిగారబ్బాయి కూడా అదే స్కూలు. అవును, తర్వాత తనూ కెనడా ప్రధాని అయిన జస్టిన్ ట్రూడోనే. అతన్ని తనూ ఇంకో ఫ్రెండూ కలిసి కొట్టామని పెర్రీ 2017లో ఒక టీవీ షోలో ఒప్పుకున్నాడు. ఆటల్లో తమకంటే బాగా ఆడతాడని కుళ్లు, అంతే. చెప్పి, సిగ్గుపడ్డాడు కూడా.

అదే ఒట్టావాలో, స్కూల్ ఫ్రెండ్స్‌తో కలిసి ఒక రకమైన మాటతీరు కనిపెట్టాడు. మామూలుగా వాక్యంలో ఏ మాట మీద బరువు వేస్తామో దాన్ని వదిలేసి, ఎవరూ పట్టించుకోని చిన్న మాట మీద ఒత్తి పలకడం. "కుడ్ దిస్ బీఈఈ ఎనీ..." అంటూ చాండ్లర్ సాగదీస్తాడే, అదే. ప్రపంచం మొత్తం కాపీ కొట్టిన ఆ స్టైల్‌ని ఏ రైటరూ రాయలేదు. స్కూల్ పిల్లలు బెంచీల మీద కూర్చుని ఒకర్నొకరు నవ్వించుకోవడానికి చేసుకున్నది.

ఇంకొకటి కూడా అక్కడే మొదలైంది. పద్నాలుగేళ్లకి ఫ్రెండ్స్‌తో కలిసి మొదటిసారి తాగాడు. మిగతా పిల్లలకి కడుపులో తిప్పి వాంతులయ్యాయట. పెర్రీ మాత్రం గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ, జీవితంలో మొదటిసారి ఏ బాధా లేదనుకున్నాడట. అందరూ కలిసే తాగారు. ఒకడికి మాత్రం అది మందులా పనిచేసింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

చిన్నప్పుడు అతని కల యాక్టింగ్ కాదు, టెన్నిస్. కెనడాలో జూనియర్స్‌లో మంచి ర్యాంకు ఉంది. పదిహేనేళ్లకి నాన్న దగ్గర ఉండటానికి లాస్ ఏంజెలెస్ వెళ్లాడు. అక్కడ ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా ఏడాదంతా ఆడే కుర్రాళ్లు. వాళ్లతో ఆడాక తన లెవెల్ ఏంటో అర్థమైపోయింది. రాకెట్ పక్కన పెట్టి నాటకాల వైపు తిరిగాడు. ఒక రోజు రెస్టారెంట్‌లో అమ్మాయిల్ని నవ్విస్తూ కూర్చుంటే, అక్కడే ఉన్న విలియమ్ రిచర్ట్ అనే డైరెక్టర్ చూసి సినిమా ఛాన్స్ ఇచ్చాడు. రివర్ ఫీనిక్స్ హీరోగా 1988లో వచ్చిన సినిమా అది. అంతకుముందు 1987లోనే 'సెకండ్ ఛాన్స్' అనే సిట్‌కామ్‌లో చేశాడు. అది నిలబడలేదు. తర్వాత ఏడేళ్లు అక్కడొక గెస్ట్ రోల్, ఇక్కడొక ఆగిపోయిన సీరియల్.

ఇప్పుడు 1994. ఈ పార్ట్ నాకు చాలా ఇష్టం.

'ఫ్రెండ్స్ లైక్ అజ్' అనే పేరుతో ఒక కొత్త స్క్రిప్ట్ ఊళ్లో తిరుగుతోంది. చాండ్లర్ పాత్ర చదవగానే పెర్రీకి ఒళ్లు జలదరించింది. ఇది నేనే కదా అనుకున్నాడు. కానీ ఆడిషన్‌కి వెళ్లడానికి లేదు. ఎందుకంటే డబ్బులకి ఇబ్బందిగా ఉందని అప్పటికే ఇంకో పైలట్‌కి సంతకం పెట్టేశాడు. దాని పేరు 'ఎల్ఏఎక్స్ 2194'. కథేంటో తెలుసా? 2194వ సంవత్సరంలో లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్ట్‌లో లగేజీ సర్దే ఉద్యోగుల కామెడీ. గ్రహాంతరవాసులు కూడా ప్రయాణికులే. నవ్వకండి, నిజంగా తీశారు.

ఈలోగా అతని ఫ్రెండ్స్ అందరూ చాండ్లర్ పాత్రకి ఆడిషన్ ఇస్తున్నారు. "ఇది అచ్చం నీలాగే ఉందిరా, కొంచెం నేర్పించు" అని ఇతని దగ్గరికే వస్తున్నారు. వాళ్లకి ప్రాక్టీస్ చేయించి చేయించి ఇతనికి స్క్రిప్ట్ మొత్తం నోటికొచ్చేసింది. ఆ పాత్ర ఇతని ఫ్రెండ్ క్రెయిగ్ బియర్కోకి ఆఫర్ కూడా అయింది. బియర్కో దాన్ని వదిలేసి వేరే షో తీసుకున్నాడు. అటు ఎల్ఏఎక్స్ ముందుకెళ్లేది కాదని టీవీ వాళ్లకి అర్థమైంది. పెర్రీకి పిలుపొచ్చింది. స్క్రిప్ట్ కాగితం చేతిలో లేకుండానే చదివాడు. అయిపోయింది. ఆరుగురిలో అందరికంటే చిన్నవాడు, పాతికేళ్లు కూడా నిండలేదు.

దానికి కొన్ని వారాల ముందు తన గదిలో మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి ఒక మొక్కు మొక్కుకున్నాడట. నన్ను ఫేమస్ చెయ్యి చాలు, దానికి బదులు నన్నేం చేసినా పర్లేదు అని. దేవుడు ఆ బేరంలో ఏ సగాన్నీ మర్చిపోలేదని పెర్రీ తర్వాత రాసుకున్నాడు. మన అమ్మమ్మలు చెప్తారు కదా, తథాస్తు దేవతలు ఉంటారు, నోరు జాగ్రత్త అని. అది గుర్తొచ్చింది నాకు.

1994 సెప్టెంబర్ 22న మొదటి ఎపిసోడ్. మిగతాది మీకు తెలుసు. పదేళ్లు, 236 ఎపిసోడ్లు. 2004 మే 6న చివరి ఎపిసోడ్‌ని ఒక్క అమెరికాలోనే దాదాపు 5 కోట్ల 20 లక్షల మంది చూశారు.

డబ్బుల విషయం కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో ఒక మంచి పాఠం ఉంది. మొదటి సీజన్‌లో ఒక్కొక్కరికి ఎపిసోడ్‌కి 22,500 డాలర్లు. కొన్నాళ్లకి కొందరికి ఎక్కువ అడిగే ఛాన్స్ వచ్చింది. అప్పుడు డేవిడ్ ష్విమ్మర్, అంటే మన రాస్, "అడిగితే ఆరుగురం కలిసే అడుగుదాం" అన్నాడు. తనొక్కడే ఎక్కువ తీసుకోగలిగి కూడా. ఆ మాట మీద అందరూ చివరిదాకా నిలబడ్డారు. ఆఖరి రెండు సీజన్లకి ఒక్కొక్కరికి ఎపిసోడ్‌కి 10 లక్షల డాలర్లు. అప్పటి లెక్కలో నాలుగున్నర కోట్ల రూపాయల పైమాటే. ఇరవై నిమిషాల ఎపిసోడ్‌కి అండీ.

ఇక్కడ కొంచెం ఆగి, సిట్‌కామ్ ఎలా తీస్తారో చెప్తాను. అది తెలిస్తేనే పెర్రీ బాధ తెలుస్తుంది.

'ఫ్రెండ్స్'లో వినిపించే నవ్వులన్నీ తర్వాత అతికించినవని చాలామంది అనుకుంటారు. ఎడిటింగ్‌లో సరిచేసేవాళ్లు కానీ, అసలు నవ్వులు అక్కడివే. బర్‌బ్యాంక్‌లో వార్నర్ బ్రదర్స్ స్టూడియో, స్టేజ్ 24. ఒకవైపు సెట్టు, ఎదురుగా మెట్ల మెట్లుగా సీట్లు, వాటిలో నిజమైన ప్రేక్షకులు. వారమంతా రిహార్సల్, తర్వాత ఒక రాత్రి వాళ్ల ముందు షూటింగ్, నాలుగు కెమెరాలతో. మన ఊళ్లో స్టేజీ నాటకం లాగా అన్నమాట. జోక్ పేలకపోతే రైటర్లందరూ అక్కడికక్కడే గుమిగూడి కొత్త జోక్ రాసేవాళ్లు. మళ్లీ షాట్. ప్రేక్షకులు నవ్వేదాకా.

మామూలు నటుడికి అది సరదా. మరి పెర్రీకి? 2021లో ఆరుగురూ కలిసిన రీయూనియన్ కార్యక్రమంలో ఆ విషయం బయటపెట్టాడు. ప్రేక్షకులు నవ్వకపోతే తను చచ్చిపోతానేమో అనిపించేదట. చెమటలు పట్టి, వణుకొచ్చేసేదట. ప్రతి రాత్రీ అంతే. పక్కనున్న లీసా కుడ్రో, మన ఫీబీ, ఆశ్చర్యంగా చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట మాతో ఎప్పుడూ అనలేదే అంది.

ఆ క్లిప్ దొరికితే చూడండి. పదేళ్లు కలిసి పనిచేశారు, కలిసి భోంచేశారు, కలిసి జీతాల కోసం నిలబడ్డారు. అంత దగ్గరివాళ్లకే తెలీలేదు. అమ్మని నవ్విస్తేనే ఇల్లు బావుంటుందనుకున్న ఆ పిల్లాడే అక్కడ నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చుంది అమ్మ కాదు, వందల మంది. అంతే తేడా.

ఇక ఆ మందు సంగతి. 'ఫూల్స్ రష్ ఇన్' సినిమా రోజుల్లో జెట్ స్కీ మీద దెబ్బ తగిలింది. నొప్పి తగ్గడానికి డాక్టర్ ఒక మాత్ర ఇచ్చాడు. వైకోడిన్. ఇది ఓపియాయిడ్ రకం, అంటే నల్లమందు జాతికి చెందిన నొప్పి మాత్ర. మిగతావాళ్లకి నొప్పి తగ్గుతుంది. పెర్రీకి పద్నాలుగేళ్ల వయసులో గడ్డి మీద పడుకుని చూసిన ఆకాశం మళ్లీ కనపడింది. ఏడాదిన్నర తిరిగేసరికి రోజుకి 55 మాత్రలు. యాభై ఐదు!

అన్ని మాత్రలు ఏ డాక్టరూ ఇవ్వడు కదా. అందుకని లేని నొప్పులు చెప్పి డాక్టర్లని మార్చేవాడు. ఆదివారాలు అమ్మకానికి పెట్టిన ఇళ్లు చూసే నెపంతో వెళ్లేవాడు. అక్కడ ఎవరైనా లోపలికెళ్లి చూడొచ్చు. ఇతను నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్లి, మందుల అల్మారాలో ఏమున్నాయో చూసి, కొన్ని మాత్రలు జేబులో వేసుకుని వచ్చేవాడు. అన్నీ తీసుకుంటే అనుమానం వస్తుందని కొన్నే. అప్పటికి అతను ప్రపంచంలోనే పెద్ద టీవీ స్టార్లలో ఒకడు. ఆ ఇంటివాళ్లు చాండ్లర్ మా ఇంటికొచ్చాడని సంబరపడి ఉంటారు.

మనకి ఈ సంగతి తెరమీదే కనిపించింది, మనమే చూడలేదు. పెర్రీ చెప్పిన గుర్తు ఇది: బక్కచిక్కి కనిపిస్తే అది మాత్రల సీజన్, ఒళ్లు చేస్తే అది తాగుడు సీజన్. ఒక దశలో 58 కిలోలకి పడిపోయాడు, ఆరడుగుల మనిషి. హాస్టల్లో మేము "ఈ సీజన్లో చాండ్లర్ ఏంటి ఇంత సన్నబడ్డాడు, డైట్ చేశాడా" అని మాట్లాడుకున్నాం. అంతకుమించి ఆలోచించలేదు. మూడో సీజన్ నుంచి ఆరో సీజన్ మధ్యలో తనకి గుర్తులేని మూడేళ్లు ఉన్నాయని 2016లో ఒక రేడియో ఇంటర్వ్యూలో చెప్పాడు.

మోనికాతో పెళ్లి ఎపిసోడ్ ఉంది కదా, ఏడో సీజన్ చివర్లో, 2001 మేలో వచ్చింది. అందరం ఈలలు వేసిన ఎపిసోడ్. ఆ షూటింగ్ అవ్వగానే పెర్రీని కారెక్కించి తిరిగి డీఅడిక్షన్ సెంటర్‌కి తీసుకెళ్లారు. పెళ్లికొడుకు వేషం తీసేసి పేషెంట్‌గా వెళ్లిపోయాడు. పదేళ్లలో పూర్తిగా ఏమీ ముట్టకుండా చేసిన సీజన్ ఒక్కటేనట, తొమ్మిదోది.

అంత జరుగుతున్నా పని ఆపలేదు. బ్రూస్ విల్లిస్‌తో 2000లో 'ది హోల్ నైన్ యార్డ్స్' చేశాడు. ఈ సినిమా నంబర్ వన్ అవ్వదని విల్లిస్, అవుతుందని పెర్రీ పందెం కాశారు. విల్లిస్ ఓడిపోయాడు. పందెం ప్రకారం 'ఫ్రెండ్స్'లో గెస్ట్‌గా చేశాడు, ఆ పారితోషికం చారిటీకి ఇచ్చేశాడు, ఆ పాత్రకి ఎమ్మీ అవార్డు కూడా కొట్టాడు! పెర్రీకి మాత్రం ఎమ్మీ ఎప్పుడూ రాలేదు. 'ఫ్రెండ్స్'కి ఒకసారి, 'ది వెస్ట్ వింగ్'లో గెస్ట్ పాత్రకి రెండుసార్లు, 2006లో చేసిన 'ది రాన్ క్లార్క్ స్టోరీ' అనే టీచర్ కథకి ఒకసారి నామినేషన్లతోనే ఆగిపోయింది.

'ఫ్రెండ్స్' తర్వాత కెరీర్ త్వరగా చెప్పేస్తాను. 'స్టూడియో 60' ఒక్క సీజన్. 'మిస్టర్ సన్‌షైన్' ఒక్క సీజన్. 'గో ఆన్' ఒక్క సీజన్. 'ది ఆడ్ కపుల్' మూడు సీజన్లు. 2016లో తనే ఒక నాటకం రాసి లండన్‌లో ఆడాడు. ఏదీ చాండ్లర్‌ని దాటలేదు. సిట్‌కామ్ నటుడి కష్టం ఇదే. సినిమా హీరోని థియేటర్‌కి వెళ్లి చూస్తాం. సిట్‌కామ్ వాడు పదేళ్లు మన హాల్లోకి వచ్చి మన సోఫాలో కూర్చుంటాడు. ఆ తర్వాత వాణ్ని ఇంకో పేరుతో పిలవడానికి మనకే మనసు రాదు.

2018లో అసలు దెబ్బ తగిలింది. ఓపియాయిడ్ మందులు పేగుల్ని మొద్దుబారుస్తాయి. ఏళ్ల తరబడి వాడటంతో పెద్దపేగు పగిలిపోయింది. బతికే అవకాశం నూటికి రెండు శాతం అని ఇంట్లోవాళ్లకి చెప్పారు. గుండె, ఊపిరితిత్తుల పని చేసే ఎక్మో అనే మెషీన్ మీద పెట్టారు. ఆ రాత్రి ఆ ఆసుపత్రిలో ఐదుగురిని ఎక్మో మీద పెడితే నలుగురు చనిపోయారట. మిగిలింది ఇతనొక్కడే. రెండు వారాలు కోమా, ఐదు నెలలు ఆసుపత్రి. పొట్ట పక్కన సంచి పెట్టుకుని తొమ్మిది నెలలు బతికాడు. నలుగురు పోయి నేనెందుకు మిగిలాను అనే ప్రశ్న అతన్ని పట్టుకుంది.

నిజానికి జవాబు అంతకుముందు నుంచే వెతుకుతున్నాడు. 2013లో మాలిబూలోని తన సొంత ఇంటిని, తాగుడు మానాలనుకునే మగవాళ్లు ఉండటానికి వసతిగా మార్చేశాడు. పేరు పెర్రీ హౌస్. ఖర్చు తట్టుకోలేక తర్వాత మూసేశాడు కానీ, మానేశాడని కాదు. అర్ధరాత్రి ఎవరు ఫోన్ చేసినా ఎత్తేవాడు. హాంక్ అజారియా అనే నటుడు పెర్రీ పోయాక చెప్పాడు, తను తాగుడు మానడానికి మొదటిసారి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది పెర్రీయేనని.

"అంత తెలిసినవాడు తనే ఎందుకు మానలేకపోయాడు? మనసు గట్టిగా ఉంటే మానొచ్చు కదా?" కింద కామెంట్లలో ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. 2013లో బీబీసీ చర్చలో ఇదే ప్రశ్న మీద పెర్రీ ఒక జర్నలిస్టుతో గట్టిగా వాదించాడు. ఇది రోగం, బలహీనత కాదు అన్నాడు. ఆ మొదటి తాగుడు గుర్తుందా? కలిసి తాగిన పిల్లల్లో మిగతావాళ్లు వాంతి చేసుకుని మర్చిపోయారు. ఒకడి మెదడు మాత్రం దాన్ని పట్టుకుంది. ఆ తేడా వాడు కావాలని ఎంచుకున్నది కాదు. మొదలయ్యాక మానాలన్న కోరిక ఒక్కటే సరిపోదు. అతని లెక్కే వినండి: 15 సార్లు రిహాబ్, 65 సార్లు డీటాక్స్, 6,000 మీటింగులు, దాదాపు 90 లక్షల డాలర్ల ఖర్చు. మానాలన్న కోరిక లేనివాడు ఇంత చేస్తాడా?

2022 నవంబర్లో పుస్తకం వచ్చింది. నేను చెప్పిన చాలా విషయాలు అందులో తనే రాసుకున్నవి. ఎవరో తవ్వి తీసినవి కాదు. దొంగతనంగా మాత్రలు జేబులో వేసుకున్నది కూడా తనే చెప్పాడు. ఆ ఇంటర్వ్యూల్లో మనిషి తేరుకున్నట్టే కనిపించాడు.

2023 అక్టోబర్ 28. లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో, వేడినీళ్ల తొట్టిలో ప్రాణం లేకుండా కనిపించాడు. 54 ఏళ్లు. ప్రధాన కారణం కెటమిన్ అనే మత్తుమందు ప్రభావం అని పోస్ట్‌మార్టంలో తేలింది. డిప్రెషన్‌కి డాక్టర్ల పర్యవేక్షణలో కెటమిన్ చికిత్స ఉంది, అతనూ తీసుకుంటున్నాడు. కానీ ఒంట్లో దొరికింది ఆ చికిత్సది కాదు, బయటినుంచి వచ్చినది. 2024 ఆగస్టులో ఐదుగురి మీద కేసు పెట్టారు. అందులో ఇద్దరు డాక్టర్లు, ఒకరు అతని ఇంట్లో పనిచేసే అసిస్టెంట్. సుమారు 12 డాలర్ల సీసాని 2,000 డాలర్లకి అమ్మారని ప్రభుత్వ లాయర్లు చెప్పారు. ఈ పిచ్చోడు ఎంత ఇస్తాడో చూద్దాం అన్నట్టు డాక్టర్ల మధ్య మెసేజ్ కూడా నడిచింది. తర్వాత ఐదుగురూ నేరం ఒప్పుకున్నారు.

అక్కడ నాకు ఆ 1994 మొక్కు గుర్తొస్తుంది. ఫేమస్ అవ్వాలనుకున్నాడు, అయ్యాడు. ఆ ఫేమే అతన్ని రోగిగా కాకుండా ఏటీఎంలా చూసేవాళ్లని ఇంట్లోకి తెచ్చింది.

నేను ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ గ్యాంగ్‌లో చాండ్లర్ ఎవరో ఇప్పటికే మీకు గుర్తొచ్చి ఉంటాడు. వాట్సాప్ గ్రూప్‌లో వాడి మెసేజ్ వస్తే నవ్వుకోవడానికే ఓపెన్ చేస్తారు. ఒక్కసారి వాడికి విడిగా ఫోన్ చెయ్యండి. మెసేజ్ కాదు, ఫోన్. "ఎలా ఉన్నావురా" అని అడగండి. వాడు కచ్చితంగా జోక్ వేస్తాడు. నవ్వండి. నవ్వాక, "అది సరే, నిజంగా ఎలా ఉన్నావ్?" అని రెండోసారి అడగండి. ఆ రెండో ప్రశ్న చాలామందిని ఎవరూ అడగరు.

ఒకవేళ ఆ చాండ్లర్ మీరే అయితే, లేదా ఇంట్లో ఎవరికైనా మందు, మాత్రలు, గంజాయి లాంటి అలవాటు ఉంటే, రెండు నంబర్లు రాసుకోండి. మానసిక ఇబ్బందికి టెలీ మానస్, 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు అలవాటు మానడానికి సాయం కావాలంటే 14446. రెండూ ప్రభుత్వానివే, డబ్బులేం అడగరు. 90 లక్షల డాలర్లు ఉండాల్సిన పనిలేదు.

చివరిగా ఒక్క మాట. నేను పోయాక అందరూ 'ఫ్రెండ్స్' గురించే మాట్లాడతారని నాకు తెలుసు అని పెర్రీ ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. దానికి సంతోషమే, కానీ మొదట గుర్తు రావాల్సింది అది కాకూడదన్నాడు. నలుగురికి తాగుడు మానడంలో సాయం చేశాడు అన్నది ముందు రావాలి, ఆ తర్వాతే చాండ్లర్ అని కోరుకున్నాడు. నేను కూడా ఈ ఎపిసోడ్ చాండ్లర్‌తోనే మొదలుపెట్టాను. తప్పు నాదే. అందుకే ముగింపు మాత్రం అతను అడిగినట్టు చేస్తాను.

మాథ్యూ పెర్రీ. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేవాడు. చెయ్యి పట్టుకుని మీటింగ్‌కి తీసుకెళ్లేవాడు. అన్నట్టు, బాగా నవ్వించేవాడు కూడా.

ఉంటానండీ. ఆ ఫోన్ మాత్రం చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.